నమూనా సీసా

ఫారంలో ఏడో గడి: తయారీ విధానం.
పెన్ను అక్కడే ఆగింది.
ఒంగోలు ఆఫీసులో ఫ్యాను కిరకిరలాడుతోంది.
బల్ల మీది సీసాలో కల్లు ఇంకా బతికే ఉంది,
బిరడా చుట్టూ లక్క పగిలి
సన్నగా బుస.

పొద్దున ఈతముక్కల వెళ్లాం.
మత్తుపొడి కలుపుతున్నారని
ఎవరో సంతకం లేని ఉత్తరం రాశారు.
ఇసకలో జీపు దిగబడితే
పాకలోంచి పరిగెత్తుకొచ్చి వెనకనుంచి తోసినవాడే
నేను పట్టుకోవాల్సిన మనిషి.
వేముల మాలకొండయ్య, అరవై రెండేళ్లు.
రొమ్మున చెట్టు బెరడు చేసిన కాయలు.
లైసెన్సు ప్లాస్టిక్ సంచిలో, సంచి చూరులో.

"గీసేది నేనూ నా కొడుకూ సారూ,
అమ్మేది మా కోడలు మస్తానమ్మ.
రుచి చెప్పేది మాత్రం అదిగో, ఆమె."

అంకమ్మ తాగదు.
ఒక్క చుక్క నాలిక కొసన వేసుకుని
దవడ కదిపి, ఇసకలో ఊసి,
"గూనిది" అంది.
ఇంకో లొట్టి వంచాడు కొడుకు ఏడుకొండలు.
"మేనత్త. రాత్రి ఉప్పుగాలి కొట్టింది దీనికి."
గూనిది, మేనత్త, పెళ్లికొడుకు,
రెండుమాట్లు పిడుగు పడ్డది,
డెబ్బైమూడు తాళ్లకూ పేర్లున్నాయి.
మా రిజిస్టర్లో నంబర్లున్నాయి.

మా గార్డు నవ్వి, ఆమెను అటు తిరగమని
నాలుగు లొట్లు తారుమారు చేశాడు.
మూడు చెప్పేసింది.
నాలుగోదాని దగ్గర ఆగింది. మళ్లీ ఒక చుక్క.
"ఇందులో రెండు చెట్లున్నాయి."
ముప్పై అయిదేళ్లవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి,
నేల చూశాడు.
"నిన్న పొద్దుగూకిందే అమ్మా..."

ఏం కలుపుతారని అడిగాను, అడగాలి కాబట్టి.
"కలపం సారూ. కడగం.
లొట్టి అడుగున నిన్నటి మడ్డి ఉండాల.
నిన్నటి దాంట్లో మొన్నటిది ఉంటది.
అట్టా ఎనక్కి పోతా ఉంటే
మా మామ చేతిది కూడా కాస్త ఉంటది."

తొంభై తుఫానుకు లొట్లన్నీ పగిలాయట.
ఆ ఏడు గీసిందల్లా చప్పిడి.
పాదర్తిలో వియ్యపురాలి దగ్గర ఒక్కటి మిగిలిందని విని
నడిచి వెళ్లి, చంకన పెట్టుకుని తెచ్చింది.
దోవలో ఎండకు పొంగి చీరంతా తడిసింది.
"చూసినోళ్లందరూ తప్పతాగాననుకున్నారు సారూ,
నేనేమో బిడ్డను మోసుకొస్తన్నట్టు వస్తన్నా."

మస్తానమ్మ ఈ మాట వందసార్లు విన్నట్టుంది,
నవ్వకుండా గోడమీద సున్నంతో లెక్క గీసుకుంటోంది.
పొడి అమ్మేవాడు వారం వారం బండిమీద వస్తాడని
ఆమే చెప్పింది.
ఒక్క పొట్లం, రెండు బిందెల నీళ్లు,
చెట్టెక్కే పనే లేదంట.
అవతలి పాకలో అదే, సగం ధర.
మాకు సాయంత్రానికి నాలుగు లొట్లు మిగులుతున్నాయంది.
"మరి మీరెందుకు...?" అన్నాను.
ఆమె అత్త వైపు చూసింది,
అత్త నాలిక వైపు చూసిందేమో.

ఉత్తరం ఎవరు రాశారో
అప్పుడు కొంచెం అర్థమైంది.

ఏడో గడి రెండంగుళాలు.
'లొట్టి కడగరు' అని రాసి కొట్టేశాను,
పైవాళ్లకది అపరిశుభ్రత, ఇంకో కేసు.
ఈ సీసా రేపు బస్సెక్కి గుంటూరు లేబ్ చేరేసరికి
పులిసి పులిసి పచ్చడికి పనికొస్తుంది.
పొడి లేదని మాత్రం చెబుతారు,
అదీ రెండు నెలలకు.

బయల్దేరేటప్పుడు అంకమ్మ జీపు దాకా వచ్చింది.
చీటీ మీద ఏం రాశానని అడిగింది.
చదివి వినిపించాను: నలభై ఒకటి.
"నలభై ఒకటేంది?" అంది.

ఏడో గడి ఖాళీగా వదిలేశాను.
చీటీ మీద నంబరు పక్కన
పెన్సిలుతో, చిన్నగా,
ఎవరన్నా చెరిపెయ్యడానికి వీలుగా,
గూనిది అని రాశాను.